రెండో గేరు దాటని బండి

మంగళవారం పొద్దున ఆరున్నరకి, మెయిన్ స్ట్రీట్ నడిమధ్యలో, ఎల్మ్ హౌస్ వృద్ధాశ్రమం వ్యాన్ నలభై దాటనని భీష్మించుకుంది.

వెర్నా డిజార్లే యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ గొంతు చించుకుందే తప్ప బండి వేగం పెరగలేదు. మీటరు పక్కన పసుపు లైటు వెలిగింది. గేర్లు వాటంతట అవే మారాల్సిన బండి అది. రెండో గేరులోకి వెళ్ళి తలుపేసుకుని కూచుంది. వెనకాల కార్ల వరస పెరిగింది. ఒకడు హారన్ కొట్టాడు. పక్కనించి దాటుతూ ఇంకొకడు అద్దం దించి మరీ తిట్టాడు. బయట మైనస్ ఇరవై ఆరు. అంత చలిలో అద్దం దించి తిట్టాడంటే ఎంత కోపమో.

"వెర్నా, నేను దిగి నడుచుకుంటూ పోయి, నువ్వు వస్తున్నావని ఆస్పత్రిలో చెప్పనా?" అన్నాడు వెనక సీట్లోంచి ఆల్ఫోన్స్ డుషార్మ్. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. రైల్వేలో నలభై ఏళ్ళు పట్టాలు సరిచేశాడు. వెర్నా ఆయన్ని మూషుమ్ అంటుంది. వాళ్ళ ఇళ్ళల్లో తాతని పిలిచే పిలుపు అది.

"దిగండి మూషుమ్. చేతికర్రతో అయినా మీరే ముందు చేరతారు."

"ఆయన్ని దింపెయ్యి పిల్లా, మూడో గేరు పడుతుందేమో," అంది పక్కనున్న ఓల్హా ప్రోకోప్‌చుక్. "రాత్రి నేను చేసిన పెరోగీ కుడుములు పద్దెనిమిది మింగాడు. నేను లెక్కపెట్టాను."

"పదిహేడు. ఒకటి నీ పిల్లికి పెట్టా."

"నాకు పిల్లి లేదు ఆల్ఫోన్స్."

"మరి కుర్చీ కింద ఉన్నదెవరు?"

ఇద్దరికీ వారానికి మూడుసార్లు డయాలసిస్. మంగళ, గురు, శని. ఏడింటికల్లా మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే మంచం ఇంకొకరికి పోతుంది, రక్తం శుభ్రం కావడం మధ్యాహ్నానికి పోతుంది, మధ్యాహ్నం కాస్తా సాయంత్రం అవుతుంది. వీళ్ళు నవ్వుతూ మాట్లాడుతున్నారు గానీ, ఓల్హా చీలమండలు బూట్లలో పట్టనంతగా వాచి ఉన్నాయి. వెర్నా అద్దంలో ఆ బూట్లనే చూస్తూ నడిపింది.

ఏడూ ఇరవైకి చేరారు. నర్సు మొహం మాడ్చుకుంది గానీ మంచాలు ఉంచింది. వెర్నా ఇద్దర్నీ దింపి, కోట్లు విప్పించి, దుప్పట్లు కప్పి వచ్చి బండి తాళం తిప్పి ఆపింది. మళ్ళీ తిప్పింది. పసుపు లైటు లేదు. తిరుగుదారిలో బండి ఒకటి, రెండు, మూడు, నాలుగు గేర్లూ వెన్నలా మార్చుకుంది. పొద్దున్న ఏమీ జరగనట్టు.

మూడు వారాలుగా ఇదే వరస.

*

పదింటికి మేనేజరు పైక్ ఆఫీసుకి పిలిచాడు. రస్సెల్ పైక్ చెడ్డవాడు కాడు. కాయితాన్ని నమ్మే మనిషి, అంతే. కాయితాన్ని నమ్మే మనిషి చేతిలో చెడ్డకాయితం పడితే చెడ్డవాడు చేసే పనే చేస్తాడు.

బల్లమీద ఊరిబయట పెద్ద గేర్‌బాక్స్ షాపు రిపోర్టు ఉంది. పోయిన శుక్రవారం బండిని అక్కడికి పంపారు. పైక్ చదివాడు.

"గేర్‌బాక్స్ లోపల అరిగిపోయింది. మొత్తం మార్చాలి. కారణం, డ్రైవరు దురుసు వాడకం."

"దురుసు వాడకమా?"

"నా మాట కాదు వెర్నా. వాళ్ళు రాశారు."

"నేను పదకొండేళ్ళు నడిపాను. వెనక కూచున్నవాళ్ళ చేతిలో కాఫీ ఉంటుంది. ఒక్క చుక్క ఒలికిందేమో అడగండి."

"ఇది కాఫీ విషయం కాదు."

"వాళ్ళు బోనెట్ ఎత్తి చూశారా?"

పైక్ కాయితం తిరగేశాడు. వెనక ఏమీ లేదు. "వాళ్ళకి మిషను ఉంది. తగిలిస్తే అదే చెబుతుంది."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. శుక్రవారం మూడింటికి ఎల్మ్ హౌస్ కమిటీ సమావేశం. బండి ఇరవై ఏళ్ళది, గేర్‌బాక్స్ మార్చే విలువ దానికి లేదు. తుక్కుకి ఇచ్చేసి టాక్సీ వాళ్ళతో ఒప్పందం చేసుకోవాలని తీర్మానం పెడుతున్నాడు. డ్రైవరు అవసరం ఇక ఉండదు.

"టాక్సీవాడు మూడో అంతస్తుకి వచ్చి ఓల్హా మామ్మకి కోటు బొత్తాలు పెడతాడా?"

"అది వాళ్ళ పని కాదు."

"అందుకే అడుగుతున్నా."

పైక్ రిపోర్టు నకలు ఆమె చేతిలో పెట్టాడు. వెర్నా బయటికి వచ్చింది. ఉద్యోగం పోతుందన్న మాట ఆమెకి లిఫ్టులో గానీ తట్టలేదు. అప్పటిదాకా ఆ రెండు మాటలే చెవుల్లో మోగుతున్నాయి. దురుసు వాడకం.

*

లోర్న్ హ్రిట్సిక్ గరాజ్ సెల్కర్క్ వీధి వెనక సందులో ఉంది. రెండు బళ్ళు పడతాయి. మూడోది తెస్తే లోర్న్ బయట నించుని పనిచేస్తాడు. వెర్నాతో కలిసి ఎనిమిదో తరగతి దాకా చదివాడు. పెద్ద షాపులో ఇరవై రెండేళ్ళు చేసి, ఒకరోజు పానా బల్లమీద పెట్టి వచ్చేశాడు.

ఆమె చెప్పింది విని, రిపోర్టు చదివి, ముక్కుతో నవ్వాడు.

"ఎందుకు గేర్‌బాక్స్ అంటారో తెలుసా నీకు? అక్కడ మెకానిక్‌కి గంటల కూలి కాదు, పని కూలి. ఏ పనికి ఎన్ని గంటల కూలి ఇవ్వాలో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. గేర్‌బాక్స్ మారిస్తే తొమ్మిది గంటలు. తెగిన తీగ వెతికితే సున్నా. మూడు గంటలు వెతికినా సున్నాయే. ఇంట్లో పిల్లలున్నవాడు తీగ ఎందుకు వెతుకుతాడు? వాణ్ణి తిట్టకు. ఆ పుస్తకం రాసినవాణ్ణి తిట్టు."

"ముందు నా బండి చూడు, తర్వాత ఇద్దర్నీ కలిపి తిడదాం."

లోర్న్ చక్రాల పలకమీద వెల్లకిలా పడుకుని బండి కిందకి జారాడు. వెర్నా చేత గేర్‌బాక్స్ నూనె కొలపుల్ల తీయించి, తెల్లగుడ్డ మీద చుక్క వేయించి, ఆ గుడ్డని కిందికి అందుకుని వాసన చూశాడు.

"చూడు. ఎర్రగా ఉంది. మాడిన కంపు లేదు. గేర్‌బాక్స్ అరిగితే ఈ నూనె నల్లగా, మాడిన టోస్టులా కొడుతుంది. ఇది ఆరోగ్యమైన నూనె."

తర్వాత స్కానర్ తగిలించాడు. తెరమీద కోడు వచ్చింది. గేర్‌బాక్స్ లోపలికి వచ్చే తిరుగుడు వేగాన్ని కొలిచే సెన్సర్ నుంచి కబురు లేదని దాని అర్థం.

"బొటనవేలంత ముక్క అది," అన్నాడు లోర్న్. "గేర్‌బాక్స్ ముందువైపు ఉంటుంది. అది వేగం చెబితేనే కంప్యూటరు గేరు మారుస్తుంది. అది నోరు మూసుకుందనుకో, కంప్యూటరు భయపడుతుంది. ఎందుకొచ్చిన గొడవ అని రెండో గేరులో తాళం వేసుకుంటుంది. నీ గేర్‌బాక్స్ బతికే ఉంది. కళ్ళకి గంతలు కట్టారు, అంతే."

"మరి పెద్ద షాపులో ఇదే కోడు కనబడలేదా?"

"కనబడే ఉంటుంది. సెన్సర్ మారిస్తే అరగంట కూలి."

సెన్సర్ మార్చాడు. పాతదాని రబ్బరు వలయం గట్టిపడి ఉంది. అది చూపించి "ఇదే దొంగ" అన్నాడు. బండిని మూడు వీధులు తిప్పి తెచ్చాడు. నాలుగు గేర్లూ పడ్డాయి. వెర్నా గరాజ్ గుమ్మంలో నించుని, చేతి గ్లవుజు విప్పి, లోర్న్ వీపుమీద చరిచింది.

బుధవారం చలి తగ్గింది, మైనస్ ఆరు. కిరాణాకొట్టు ట్రిప్పుకి తొమ్మిదిమంది ఎక్కారు. బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆల్ఫోన్స్‌కి కొట్లో పని లేకపోయినా గేర్లు మారడం చూడ్డానికి ఎక్కాడు. మారినప్పుడల్లా "ఇదిగో" అన్నాడు. నాలుగోసారికి ఓల్హా ఆయన నోటికి తన మఫ్లరు అడ్డం పెట్టింది.

గురువారం మైనస్ ఇరవై ఐదు. మెయిన్ స్ట్రీట్ మీద, మంగళవారం నిలబడ్డ చోటికి రెండు వీధుల ముందే, పసుపు లైటు వెలిగింది.

ఇంజన్ ఒక్కటే అరిచింది. కాసేపటికి ఆల్ఫోన్స్ మెల్లగా అన్నాడు. "పెరోగీలు నాలుగే తిన్నాను ఈసారి."

*

లోర్న్ వెచ్చటి గరాజ్‌లో బండిని గంటసేపు నానా పరీక్షలూ చేశాడు. తీగలకి మీటరు పట్టాడు, సెన్సర్‌కి పట్టాడు. అంతా సరిగానే చూపించింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచాడు. మొహంలో మంగళవారం నాటి నవ్వు లేదు.

"ఏమీ లేదు వెర్నా."

"నీ గరాజ్‌లో ఎందుకుంటుంది? ఇక్కడ పొయ్యి మండుతోంది. ఇక్కడికొస్తే నా మోకాళ్ళ నొప్పులు కూడా ఉండవు."

"సెన్సర్ అని కోడు చెప్పింది, సెన్సర్ మార్చేశాను." అతను తిరగేసిన బకెట్ మీద కూచున్నాడు. "కోడు చెప్పేది సెన్సర్ పోయిందని కాదు. అక్కణ్ణించి కబురు రాలేదని. దారిలో ఎక్కడ ఆగిందో మనం చూడాలి. ఇరవై రెండేళ్ళు ఎదటివాళ్ళని తిట్టిన తప్పే నేనూ చేశాను."

"సరే, ఏడుపు తర్వాత. ఇప్పుడేంటి?"

"చలికి ఏదో ముడుచుకుంటోంది. చలి రోజే వస్తోంది కదా."

వెర్నా బండిలోంచి ట్రిప్పుల పుస్తకం తెచ్చింది. పైక్ పెట్టించిన పుస్తకం అది. ప్రయాణికులు, టైము, బయట చలి ఎంత, రాత్రి ఇంజన్ హీటరు ప్లగ్ పెట్టారా లేదా, అన్నీ గళ్ళు. పార్కింగ్‌లో ప్రతి బండికీ ఓ కరెంటు గుంజ ఉంటుంది. మైనస్ పదిహేను దాటిన రాత్రి, బండి ముక్కులోంచి వేలాడే తీగని లాగి గుంజకి తగిలిస్తే ఇంజన్ గడ్డకట్టకుండా ఉంటుంది. కరెంటు వృథా అవుతోందని పైక్ ఆ ప్లగ్ గడి ప్రత్యేకంగా గీయించాడు. అప్పుడు వెర్నా పళ్ళు నూరింది. ఇప్పుడు ఆ గడి మీదే వేలు పెట్టి కిందికి జరిపింది.

"లైటు వెలిగిన రోజులకి నేను చుక్క పెట్టాను. చూడు. ప్రతి చుక్క పక్కనా ప్లగ్ టిక్కు ఉంది."

"ఉంటుంది. చలి రోజే కదా ప్లగ్ పెడతావు. రెండూ ఒకటే."

"ఒకటే అని నీకెవరు చెప్పారు?"

లోర్న్ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు.

"చలి ఒకటి. ప్లగ్ ఒకటి," అంది వెర్నా. "ఎప్పుడూ జంటగా వస్తున్నాయి కాబట్టి ఎవరు దొంగో తెలియట్లేదు. ఇవాళ రాత్రి మైనస్ ఇరవై ఏడంట. ప్లగ్ పెట్టను. చలిని ఒంటరిగా వదిలేస్తా. ఏం చేస్తుందో చూద్దాం."

"పిచ్చా నీకు? పొద్దున స్టార్ట్ కాకపోతే?"

"అందుకే నువ్వు నీ ట్రక్కుతో ఏడింటికి వస్తున్నావు. రేపు డయాలసిస్ లేదు. మూషుమ్‌కి ఆలస్యమయ్యేది ఒక్క టిఫినే."

"పైక్ కిటికీ పార్కింగ్ వైపే కదా. బండి చచ్చిపడి ఉంటే అక్కణ్ణించే తుక్కు లారీకి ఫోన్ చేస్తాడు."

"చెయ్యనీ. మూడింటి దాకా ఆగడం తప్పుతుంది ఆయనకి."

మెకానిక్ చదువు ఆమెకి లేదు. ఏ చదువూ పెద్దగా లేదు. కానీ మూడు వారాలు ఆ బండిలో కూచున్నది ఆమె. మిషనూ కాదు, పుస్తకమూ కాదు. లోర్న్ లేచి, పొయ్యి మీద కాఫీ వంచి, పెద్ద కప్పు ఆమెకిచ్చి చిన్నది తను తీసుకున్నాడు.

*

శుక్రవారం ఏడింటికి పార్కింగ్‌లో మంచు బూట్ల కింద కిర్రుమంది. ఎల్మ్ హౌస్ కింది అంతస్తు కిటికీల్లో మొహాలు వరసగా ఉన్నాయి. ఎవరు చెప్పారో గానీ అందరికీ తెలిసిపోయింది. ఓల్హా గౌను మీద కోటు వేసుకుని అద్దానికి ముక్కు ఆనించింది. ఆల్ఫోన్స్ మాత్రం అప్పటికే బండి ముందు సీట్లో బెల్టు పెట్టుకుని ఉన్నాడు.

"మీకేం పని ఇక్కడ?" అంది వెర్నా.

"రైలింజన్ని చలిలో లేపేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. అది మర్యాద."

"ఇది రైలు కాదు."

"దానికి చెప్పకు. పాపం, పెద్ద దాన్నని అనుకుంటోంది."

వెర్నా తాళం తిప్పింది. బండి మూలిగింది. వదిలేసి, పదిదాకా అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ తిప్పింది. ఇంకా లోతుగా మూలిగింది. లోర్న్ తన ట్రక్కు దగ్గర బ్యాటరీ తీగలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పైన ఆఫీసు కిటికీలో లైటు వెలిగింది. మూడోసారి ఇంజన్ దగ్గి, తుమ్మి, ఒళ్ళంతా వణికి, అందుకుంది. కింద కిటికీల వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

ఐదు నిమిషాలాగి బయల్దేరింది. ఒకటి. రెండు. వెర్నా యాక్సిలరేటర్ మెల్లగా నొక్కింది. మూడు పడింది. మెయిన్ స్ట్రీట్ మీద నాలుగూ పడింది. మైనస్ ఇరవై ఏడులో, రాత్రంతా గడ్డకట్టిన బండి, ఒక్క గేరు కూడా మానలేదు.

"చలి కాదు," అంది వెర్నా.

"చలి కాదు," అన్నాడు ఆల్ఫోన్స్, తనే కనిపెట్టినట్టు.

పార్కింగ్‌కి తిరిగి వచ్చి ఇంజన్ ఆపి, బండి ముక్కులోంచి తీగ బయటికి లాగి గుంజకి తగిలించింది. వేడెక్కేదాకా ఆగలేదు. వెంటనే పీకేసి, రోజూ లాగే చుట్టచుట్టి లోపలికి తోసింది. లోర్న్ పక్కసీట్లోకి ఎక్కాడు, ఆల్ఫోన్స్ వెనక్కి మారాడు. వీధి మలుపు తిరగకముందే పసుపు లైటు వెలిగింది. ఇంజన్ అరిచింది. రెండో గేరు.

లోర్న్ నవ్వడం మొదలుపెట్టాడు. బెల్టు విప్పుకుని, డాష్‌బోర్డు మీద తల ఆనించి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "హీటరు ప్లగ్," అన్నాడు. "ఇరవై ఏడేళ్ళ అనుభవం నాది. హీటరు ప్లగ్."

రెండో గేరులోనే గరాజ్‌కి తీసుకెళ్ళారు. లోర్న్ పొయ్యి ఆర్పి, తలుపు తెరిచే ఉంచాడు. ఈసారి వెచ్చదనం దొంగని దాచకూడదు. బోనెట్ ఎత్తాడు. హీటరు తీగ ముందు జాలీ దగ్గర మొదలై, రేడియేటర్ పక్కనించి కిందికి దిగి, చీకట్లోకి పోయింది. లోర్న్ చెయ్యి అక్కడ పట్టలేదు. వెర్నా స్వెట్టరు చెయ్యి పైకి లాక్కుని తన చెయ్యి పెట్టింది. తీగ వెంటే వేళ్ళు జరిపింది. బిగుసుకున్న రబ్బరు, మట్టి, మళ్ళీ రబ్బరు. తర్వాత గుడ్డ తగిలింది.

"ఏదో చుట్టి ఉంది," అంది. "ఇంకో సన్నతీగతో కలిపి చుట్టారు."

"సన్నతీగ ఎటు పోతోంది?"

"కిందికి. నువ్వు మంగళవారం మార్చిన దాని దగ్గరికి."

లోర్న్ బండి కిందకి జారి, లైటు పట్టి చూశాడు. తర్వాత కత్తెర చప్పుడు అయింది. చెయ్యి బయటికి వచ్చింది. అందులో జానెడు సన్నతీగ, దానికి చుట్టిన గుడ్డ టేపు. ఊదారంగు.

తీగ పైతొడుగు నున్నగా ఉంది. లోర్న్ మీటరు రెండు ముళ్ళూ రెండు చివర్ల పెట్టి, తీగని కొంచెం వంచాడు. మీటరు పలికింది. కొంచెం లాగాడు. మూగబోయింది. వదిలాడు, పలికింది.

"లోపల రాగి తెగింది. వదులుగా ఉంటే అంటుకుంటుంది, లాగితే విడిపోతుంది. రోజూ రాత్రి నువ్వు హీటరు తీగని గుంజదాకా లాగినప్పుడల్లా, దానికి కట్టి ఉన్న ఇది కూడా సాగింది. మంగళవారం నేను కదిపినప్పుడు ఒకరోజు అంటుకుని ఉంది. ఏ ఎదవ కట్టాడో గానీ..."

అతను తలెత్తి వెర్నా మొహం చూశాడు. ఆగిపోయాడు.

"హాకీ టేపు కదా అది," అన్నాడు ఆల్ఫోన్స్ వెనకనించి. "ఆడపిల్లల టీము వాళ్ళు కర్రలకి చుట్టుకుంటారు."

"నా మనవరాలిది," అంది వెర్నా. "అక్టోబరులో హీటరు తీగ నేలకి రాసుకుంటోందని, పార్కింగ్‌లో పడుకుని కట్టాను. చేతికి తగిలిన తీగకి కట్టేశాను. ఏం తీగో చూడలేదు."

లోర్న్ టేపుని తీగ నించి విడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాలుగు రోజులుగా డ్రైవరు తప్పు కాదు, డ్రైవరు తప్పు కాదు అని ఊరంతా చాటిన మనిషి వెర్నా.

"ఎలుక," అన్నాడు లోర్న్. "ఎలుక కొరికిందని రాసిస్తా. ఈ ఊళ్ళో ఎలుకని నమ్మని కమిటీ లేదు. టేపు పొయ్యిలో వేద్దాం."

"నేనేమీ చూడలేదు," అన్నాడు ఆల్ఫోన్స్. "నాకు శుక్లాలు. డాక్టరే చెప్పాడు."

వెర్నా టేపుని వేళ్ళతో నలిపింది. "ముందు తీగ అతుకు," అంది.

లోర్న్ తెగిన చోట కొత్త తీగ ముక్క వేసి, రెండు చివర్లా సీసం కరిగించి అతికి, పైన గొట్టం తొడిగి, వేడిగాలితో బిగించాడు. హీటరు తీగని బ్యాటరీ పక్కనించి వేరే దారిలో తెచ్చి, ఇనప క్లిప్పులతో దాని మటుకు దాన్ని నిలబెట్టాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. తర్వాత వెర్నా ప్లగ్‌ని పదిసార్లు తగిలించి పదిసార్లు పీకింది. లోర్న్ వద్దంటున్నా ఇంకో పదిసార్లు. పసుపు లైటు మళ్ళీ వెలగలేదు.

*

మూడింటికి కమిటీ గదిలో ఏడుగురు కూచున్నారు. ఆరుగురు బయటివాళ్ళు. ఎల్మ్ హౌస్‌లో ఉండేవాళ్ళ తరఫున ఒక్కరు, ఓల్హా. చెవిపోగులు కూడా పెట్టుకుని వచ్చింది. పైక్ తీర్మానం చదవబోతుంటే వెర్నా లేచి, జానెడు తీగనీ ఊదా టేపునీ బల్లమీద పెట్టింది.

"బండి బాగైంది. గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు. ఈ తీగ తెగింది, అంతే. దీన్ని హీటరు తీగకి కట్టింది నేను. ఈ టేపుతో. అక్టోబరులో."

ఎవరో కుర్చీ జరిపారు. పైక్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"అంటే, కారణం డ్రైవరే."

"అవును."

"ఇది రికార్డులో రాయాల్సి ఉంటుంది వెర్నా."

"రాయండి. నేను చెబుతాను, మీరు రాయండి." ఆమె నిలబడే చెప్పింది. పైక్ కలం కదిలింది. "డ్రైవరు వెర్నా డిజార్లే, ఏం తీగో చూడకుండా, హీటరు తీగని సెన్సర్ తీగకి కట్టింది. అది తెగింది. అయిందా? ఇప్పుడు రెండోది. పెద్ద షాపువాళ్ళు, బోనెట్ ఎత్తకుండా, గేర్‌బాక్స్ పోయిందనీ డ్రైవరు దురుసనీ రాశారు. మూడోది. మేనేజరు, ఎత్తి చూశారా అని వాళ్ళని అడగకుండా, ఆ కాయితం నమ్మి బండిని తుక్కుకి ఇవ్వబోయారు."

కలం ఆగింది.

"ఇంత వివరం అక్కర్లేదు," అన్నాడు పైక్. మొహం ఎర్రబడింది. "బండి బాగైంది, తీర్మానం వెనక్కి తీసుకున్నాం అంటే చాలు. మీ తప్పు కూడా రాయక్కర్లేదు. దాన్ని కొట్టేస్తాను."

"కొట్టెయ్యకండి."

"మీ మంచికే చెబుతున్నాను."

"నాది కొట్టేస్తే మీదీ పోతుంది. ఆ మంచి నాకొద్దు. నేను చూడకుండా కట్టాను. వాళ్ళు చూడకుండా రాశారు. మీరు చూడకుండా నమ్మారు. నా ఒక్కదాని తప్పయితే మీరు పెద్ద అక్షరాల్లో రాసేవారు కదా, ఇప్పుడూ అంతే పెద్దగా రాయండి. వచ్చే చలికాలం ఇంకో డ్రైవరుంటాడు, ఇంకో బండి ఉంటుంది. వాళ్ళు చదువుకుంటారు."

పైక్ కమిటీ వైపు చూశాడు. కమిటీ బల్లవైపు చూసింది.

"రస్సెల్," అంది ఓల్హా. "నువ్వు చదివిన రిపోర్టు నాకూ ఇచ్చావు. సోమవారం. నేనూ చదివాను. రోజూ ఆ బండి ఎక్కేదాన్ని, ఈ పిల్ల ఎలా నడుపుతుందో తెలిసినదాన్ని, దురుసు అన్న మాట దగ్గర నేనూ అడగలేదు. నా పేరు కూడా రాయి. ఓల్హా ప్రోకోప్‌చుక్ అడగలేదు అని."

"ఓల్హా గారూ, మీరు ఎందుకు..."

"రాయమన్నానుగా. చెవుడు నాకా నీకా?"

పైక్ ఆపేసిన మూడో వాక్యమూ, ఓల్హా మాటా రాశాడు. ఓల్హా ఆ కాయితం తన వైపు లాక్కుని, ముక్కుకి ఆనించుకుని ప్రతి మాటా చదివి, తన పేరు పక్కన సంతకం చేసింది. పక్కనున్న ఆయనకి తోసింది. ఆయన చర్చిలో లెక్కలు చూసే మనిషి. కాసేపు కలం తిప్పి, గొంతు సవరించుకుని, 'నేనూ అడగలేదు' అని రాసి సంతకం పెట్టాడు. కాయితం బల్ల చుట్టూ తిరిగింది. ఒకావిడ నవ్వింది. ఇంకొకాయన గొణిగాడు గానీ పెట్టాడు. చివరికి వెర్నా దగ్గరికి వచ్చింది. ఆమె మొదటి వాక్యం కింద, తన పేరు పక్కన, కలం ఒత్తి సంతకం చేసి, కాయితాన్ని పైక్ ముందుకి జరిపింది.

ఇక మూడో వాక్యం పక్కన, మేనేజరు సంతకం ఒక్కటే ఖాళీ.

పైక్ చొక్కాజేబు తడుముకున్నాడు. తన కలం బల్ల చుట్టూ తిరిగి ఎవరి దగ్గరో ఉండిపోయింది. ఓల్హా సంచీలోంచి తనది తీసి ఇచ్చింది, బింగో ఆటలో అంకెలు కొట్టేసే లావుపాటి ఎర్రది.

"తొందరగా కానీ నాయనా," అంది. "బయట బండి స్టార్ట్ చేసే ఉంది. ఆల్ఫోన్స్ డ్రైవరు సీట్లో కూచున్నాడు."

పైక్ ఆ ఎర్ర కలంతోనే సంతకం పెట్టాడు.